నీళ్ల మేడమ్ జవాబులు: పాత ట్యాంకులు, పాత పైపులు

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా తాగునీళ్ల గురించే ఉన్నాయి. ఎండలు ముదిరితే ఏటా ఇంతే. ప్రజారోగ్య ఇంజినీరింగ్ శాఖలో నా ఉద్యోగమంతా ప్రకాశం, నెల్లూరు జిల్లాల మున్సిపాలిటీల్లోనే గడిచింది. అందుకే మీరు రాసిన ట్యాంకులు, వాల్వులు, మురుగు కాలువలు చదువుతుంటే కళ్లకు కట్టినట్టే ఉన్నాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, కొన్నింటికి వివరంగా, కొన్నింటికి పొట్టిగా రాస్తున్నాను. చాలామంది వద్దన్నందువల్ల ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు చాలావరకు తీసేశాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా పేట మధ్యలో ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది. నా చిన్నప్పుడు, 1980ల్లో కట్టారు. ఇప్పుడు స్తంభాలకు పెచ్చులూడి లోపలి ఇనుము కనబడుతోంది. ట్యాంకు అడుగున తెల్లటి చారలు. సాయంత్రమైతే పిల్లలు దాని కిందే క్రికెట్ ఆడతారు. కొట్టేసి కొత్తది కట్టమని పేటంతా సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. సిమెంటు పూస్తే ఇంకో ఇరవై ఏళ్లు ఉంటుందని కాంట్రాక్టరు అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?
— హైస్కూలు ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మాస్టారూ, ముందు పిల్లల్ని ఆ ట్యాంకు కింద ఆడనివ్వకండి. ఈ పత్రిక చేతికందిన రోజే చుట్టూ తాడో, ముళ్లకంపో కట్టించండి. ఐదు లక్షల లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ల బరువే 500 టన్నులు. ట్యాంకు కూలడం మాట అటుంచండి, అంత ఎత్తు నుంచి అరచేయంత పెచ్చు పడినా పిల్లవాడి ప్రాణం పోతుంది.

ఇక ఎవరి మాట నమ్మాలంటే, ఇద్దరి మాటా నమ్మకండి. పరీక్ష చేయించిన కాగితాన్ని నమ్మండి. కింద నిలబడి చూసి ట్యాంకు పనికొస్తుందో రాదో చెప్పే ఇంజినీరు ఎవరూ లేరు. మేం చేసే మొదటి పని చిన్న సుత్తితో స్తంభాన్ని కింద నుంచి పైదాకా తడుతూ పోవడం. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. లోపల విడిపోయిన చోట బోలుగా, గుల్ల శబ్దం వస్తుంది. అలాంటి చోట సుద్దముక్కతో గీత గీసుకుంటూ వెళ్తే, కంటికి బాగున్న స్తంభం మీద కూడా ఎక్కడెక్కడ లోపలే ఊడిపోయిందో పటంలా తేలుతుంది. ఆ తర్వాత మెట్లెక్కి పైకి పోయి, మూత తీసి, టార్చిలైటు వేసి పైకప్పు లోపలి వైపు చూడాలి. చాలామంది చూడని చోటు అదే. నీళ్లలో కలిపిన క్లోరిన్ ఆవిరి, తేమ రెండూ అక్కడే పేరుకుంటాయి. బయట సున్నం వేసి ముచ్చటగా ఉన్న ట్యాంకుకు లోపలి కప్పు ఇనుమంతా తుప్పుపట్టి వేలాడటం నేను చూశాను. ఆ తుప్పు ముక్కలు రాలేది మీరు తాగే నీళ్లలోకే.

కాంక్రీటులోని సున్నపు క్షారం కాపాడినంత కాలం లోపలి ఇనుముకు తుప్పు పట్టదు. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాంక్రీటులోకి దిగి ఆ రక్షణను తినేస్తుంది. మనది తీరప్రాంతం కాబట్టి ఉప్పుగాలి కూడా తోడవుతుంది. ఒకసారి తుప్పు మొదలైతే ఇనుము ఉబ్బుతుంది. తుప్పుకు అసలు ఇనుము కన్నా రెట్టింపుకు మించి చోటు కావాలి, ఆ ఒత్తిడికి పైనున్న కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడుతుంది. మీరు చూసిన తెల్లటి చారలేమో నీళ్లు పగుళ్లలోంచి ఊరుతూ సున్నాన్ని కడిగి తెస్తున్న గుర్తు. అంటే ట్యాంకు అడుగున పగుళ్లున్నాయి. పైన సిమెంటు పూస్తే చారలు మాయమవుతాయి, తుప్పు ఆగదు. కాంట్రాక్టరు మాటతో నేను ఒప్పుకోనిది అక్కడే.

సుత్తి తర్వాత యంత్రాలతో చేసే పరీక్షలు మూడు నాలుగున్నాయి. కాంక్రీటు గుండా శబ్ద తరంగాన్ని పంపి వేగం కొలుస్తారు. మంచి కాంక్రీటులో అది సెకనుకు మూడున్నర కిలోమీటర్లకు పైగా పోతుంది, పగుళ్లుంటే మందగిస్తుంది. రీబౌండ్ హ్యామర్ అనే పరికరం పైపొర గట్టితనం చెబుతుంది. హాఫ్ సెల్ పరీక్ష లోపలి ఇనుముకు తుప్పు పడుతున్న అవకాశం ఎంతో చెబుతుంది. అవసరమైతే కోర్ తీసి, అంటే కాంక్రీటులోంచి గుండ్రటి ముక్క కోసి, ల్యాబులో నలగ్గొట్టి చూస్తారు. ఇంజినీరింగ్ కాలేజీల సివిల్ విభాగాలు ఈ పరీక్షలు చేసిపెడతాయి. నిపుణులతో పరీక్ష చేయించి ఆ రిపోర్టు ప్రజలకు చూపించమని మీ అర్జీలో ఒక్క వాక్యం చేర్చండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. 30 రోజుల్లో జవాబివ్వాలి.

తుప్పు కొన్ని చోట్లకే పరిమితమైతే ట్యాంకును బాగు చేసుకోవచ్చు. ఊడిన కాంక్రీటంతా చెక్కేసి, ఇనుమును మెరిసేదాకా రుద్ది, సన్నబడ్డ కడ్డీల పక్కన కొత్తవి కట్టి, స్తంభం చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు పోస్తారు. లోపలి గోడలకు తాగునీటికి పనికొచ్చే ఎపాక్సీ పూత వేస్తారు. పద్ధతిగా చేస్తే ఇది మంచి పనే. స్తంభాల్లో చాలావాటిలో తుప్పు ఇనుమును సగం తినేసినా, ట్యాంకు ఓ పక్కకు ఒరిగినా మరమ్మతు మీద పెట్టే డబ్బు దండగ, కూల్చాల్సిందే.

కూల్చే విషయంలో ఒక్క మాట గుర్తుంచుకోండి. పరీక్ష ప్రమాదమని చెప్పనంత వరకు, కొత్త ట్యాంకు కట్టి నీళ్లు నింపి ఊటలు లేవని తేలాకే పాతది కొట్టాలి. ముందే కొట్టేస్తే కొత్తది లేచేదాకా పేటంతా ట్యాంకర్ల మీద బతకాలి. అలాంటి ఎండాకాలం ఎలా ఉంటుందో ఆడవాళ్లనడిగితే చెబుతారు. ఒకవేళ ప్రమాదమని తేలితే ఆ రోజే ట్యాంకు ఖాళీ చేయించి, కింది సంపు నుంచి నేరుగా పైపుల్లోకి పంపింగ్ చేసే బైపాస్ అడగండి. ఒత్తిడి సమంగా ఉండదు గానీ నీళ్లు ఆగవు.

కొత్తది మంజూరైతే రెండు అంకెలు అడిగి రాయించుకోండి. మొదటిది ట్యాంకులో ఎన్ని నీళ్లు పడతాయన్నది. మురుగునీటి పైపులున్న నగరానికి మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్క. పదివేల మంది ఉంటే రోజుకు 13.5 లక్షల లీటర్లు. అందులో మూడో వంతు నుంచి సగం దాకా ట్యాంకులో నిల్వ ఉండేట్టు కడతాం. ఇప్పటి జనాభాకే కాదు, వచ్చే ముప్పై ఏళ్ల జనాభాకు లెక్క వేశారా అని అడగాలి. రెండోది ఎత్తు. ట్యాంకు అడుగు మట్టం, మీ పేటలో అన్నిటికన్నా మెరక మీదున్న చిట్టచివరి ఇంటి మట్టం, ఈ రెంటికీ తేడా ఎంత? పెద్ద ట్యాంకు కట్టి ఎత్తు చాలక చివరి వీధులకు నీళ్లెక్కని ఊళ్లున్నాయి. కాంక్రీటు విషయానికొస్తే, నీళ్ల కట్టడాలకు ఐఎస్ 3370 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఇనుము వేసిన కాంక్రీటుకు ఎం30 (కాంక్రీటు బలాన్ని చెప్పే గ్రేడు) కన్నా తక్కువ రకం వాడకూడదు. మీ ట్యాంకు కట్టిన రోజుల్లో ఇంతకన్నా బలహీనమైన మిశ్రమమే వాడేవాళ్లు.

ప్రశ్న: మేడమ్, మా వీధికి రోజు మార్చి రోజు పొద్దున నీళ్లొస్తాయి. మొదటి పది నిమిషాలు మురుగు వాసన. బిందెలో పసుపుగా, అడుగున నల్లటి మడ్డి. తర్వాత తేటబడతాయి. ఆ తేట నీళ్లు తాగొచ్చా? ట్యాంకు కడగడం లేదేమోనని అందరం తిట్టుకుంటున్నాం.
— గృహిణి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, తేటబడినా కాచకుండా తాగొద్దు. బాగా తెర్లిన తర్వాత ఒక నిమిషం అలాగే మరగనిచ్చి దించండి. ఇంట్లో పసిపిల్లలో, గర్భిణులో ఉంటే మరీ జాగ్రత్త. వాసన పోయిందంటే క్రిములు పోయాయని కాదు.

తప్పు ట్యాంకుది కాకపోవచ్చు. ట్యాంకు మురికిగా ఉంటే నీళ్లొచ్చినంత సేపూ ఒకే తీరుగా ఉంటాయి. మొదటి పది నిమిషాలే చెడి, తర్వాత తేటబడితే అది వీధి పైపు సంగతి. రోజు మార్చి రోజు నీళ్లొదిలే ఊళ్లో, వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ అవుతూ లోపలికి పీల్చుకుంటుంది. ఎక్కడ చిల్లుంటే అక్కడి నుంచి, చుట్టూ ఏముంటే దాన్ని లాక్కుంటుంది. ఆ చిల్లు మురుగు కాలువలో ఉందనుకోండి, మురుగే లోపలికి పోతుంది. మర్నాడు నీళ్లొదలగానే ఆ మురుగు మొదటి బిందెలోకి వస్తుంది.

సాయంత్రం మీ వాకిట్లోకి వచ్చి మురుగు కాలువ మీది బండ ఎత్తి చూడండి. వీధిలోని పెద్ద పైపు నుంచి మీ ఇంటికి వచ్చే సన్నటి పైపు కాలువను ఎక్కడ దాటుతోందో గమనించండి. మన ఊళ్లలో చాలా ఇళ్లకు అది కాలువ గోడకు చిల్లు పెట్టి, మురుగులోంచే పోతుంటుంది. అది జీఐ, అంటే జింకు పూసిన ఇనుప పైపయితే చేత్తో తడిమితేనే పొరలు పొరలుగా తుప్పు రాలుతుంది. చీపురు పుల్లంత చిల్లు చాలు. దాన్ని మార్చుకోవడం ఇంటివాళ్ల పనే. హెచ్‌డీపీఈ, అంటే గట్టి ప్లాస్టిక్ పైపు వేయించి, కాలువ పైనుంచి గానీ, బాగా కింది నుంచి ఇంకో లావు పైపులో దూర్చి గానీ దాటించండి. ప్లంబరుకు ఒక పూట పని. మీ ఒక్క ఇల్లు మారిస్తే చాలదు, వరసలో ఒక్క పైపు చిల్లుపడినా వీధంతటికీ మురుగు పోతుంది. వీధివాళ్లంతా కలిసి ఒకే రోజు చేయించుకుంటే ఖర్చూ తగ్గుతుంది.

మున్సిపాలిటీ చేయాల్సింది ఇంకా పెద్ద పని. పాత పేటల్లో వీధి పైపులు చాలావరకు ఏసీ పైపులు, అంటే ఆస్బెస్టాస్ సిమెంటువి. పింగాణీలా పెళుసు. మీద నుంచి ఇసుక లారీ పోతే పగులుతాయి. అతుకుల దగ్గర రబ్బరు రింగు ఎండిపోయి ఊటలేస్తాయి. ఒకచోట బాగు చేస్తే ఆ కుదుపుకు ఇంకోచోట పోతుంది. ఆస్బెస్టాస్ గుండా వచ్చే నీళ్లు తాగితే క్యాన్సర్ వస్తుందా అని కూడా చాలామంది అడిగారు. నీళ్లతో కడుపులోకి పోయే ఆస్బెస్టాస్ వల్ల హాని అని గట్టి రుజువులు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఆ పైపును రంపంతో కోసేటప్పుడు లేచే పొడి పీల్చడం మాత్రం నిజంగా ప్రమాదం. మాస్కు లేకుండా, నీళ్లు చల్లకుండా పని చేస్తున్న కూలీలు కనబడితే ఆపి చెప్పండి. వాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఆ పైపులు తీసి డీఐ (పెళుసు కాని పోత ఇనుము) గానీ హెచ్‌డీపీఈ గానీ వేయడమే దీనికి మందు.

క్లోరిన్ సరిపడా ఉందో లేదో మీరే చూడొచ్చు. మీ వార్డు సచివాలయంలో తాగునీళ్ల పని చూసే ఎమినిటీస్ కార్యదర్శిని పిలిచి, మీ ఇంటి కుళాయి దగ్గరే క్లోరిన్ చూసే క్లోరోస్కోపుతో పరీక్ష చేయమనండి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి రెండు మూడు చుక్కల మందు వేస్తే పసుపు రంగు తేలుతుంది. పక్కనున్న రంగుల పట్టీతో పోల్చాలి. చివరి కుళాయిలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. మొదటి పది నిమిషాల నీళ్లలో రంగే రాకపోతే ఆ క్లోరిన్‌ను మురుగు తినేసి ఉండొచ్చు. ఫిర్యాదులో ఆ ఫలితం, తేదీ, టైము రాయండి. ‘నీళ్లు బాలేవు’ అని రాసిన కాగితానికీ ‘ఉదయం 6 గంటలకు ఫలానా ఇంటి దగ్గర క్లోరిన్ సున్నా’ అని రాసిన కాగితానికీ ఆఫీసులో దక్కే విలువ వేరు.

ప్రశ్న: మా వైపు రెండేళ్ల కింద కొత్త ట్యాంకు కట్టి ప్రారంభోత్సవం చేశారు. ట్యాంకు నిండుతోంది కూడా. అయినా మా నాలుగు వీధులకు నీళ్లు చుక్కలు చుక్కలుగానే. అందుకే అందరం కుళాయికి మోటార్లు బిగించాం. తప్పని తెలుసు మేడమ్, వేరే దారేది?
— చిరు వ్యాపారి, ప్రకాశం జిల్లా

జవాబు: బాబూ, మోటారు ముందు తీసేయండి. ఇది చట్టం కోసం చెప్పే మాట కాదు, మోటారు జప్తు చేస్తారని బెదిరించడమూ కాదు. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే అది వీధి పైపును పీలుస్తుంది. పై ఉత్తరంలో ఆ తల్లి రాసిన మురుగు మోటారు నడిచే టైములో మీ వీధి పైపులోకి చేరుతుంది. నీళ్లు కావాలంటే నేల మట్టం కన్నా లోతుగా సంపు కట్టుకుని అందులోకి వాటంతటవే పడనివ్వండి, సంపు నుంచి పైకి ఎంత మోటారైనా పెట్టుకోండి.

మీ అసలు ప్రశ్న చాలా విలువైనది. ట్యాంకు నిండినా నీళ్లెందుకు రావు? ట్యాంకుకూ మీ కుళాయికీ మధ్య ఏదో అడ్డుపడుతోంది కాబట్టి. ఆ అడ్డు భూమిలో ఉంటుంది. శంకుస్థాపన ఫోటోలో పడదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నా సర్వీసంతా చూసి చెబుతున్నాను, మన పట్టణాల్లో ట్యాంకులకు దొరికినంత సులువుగా పైపులకు, వాల్వులకు డబ్బు దొరకదు. ఇది నాకు తీరని బాధ.

పాత ఇనుప పైపు లోపల గార పట్టి సన్నబడుతుంది. 150 మిల్లీమీటర్ల పైపు గారతో 100 అయిందనుకోండి. మూడో వంతు తగ్గింది కదా, మూడింట రెండొంతుల నీళ్లొస్తాయనుకుంటాం. కాదు, అదే ఒత్తిడికి మూడో వంతు నీళ్లే వస్తాయి. 75కు సన్నబడితే ఆరో వంతే. కొత్త ట్యాంకు తెచ్చి ఇలాంటి పైపుకు తగిలిస్తే ఏం లాభం?

రెండో అడ్డు వాల్వు. ఒక పట్టణంలో అచ్చం మీలాంటి ఫిర్యాదే వచ్చింది. కొత్త ట్యాంకు, కొత్త పైపు, నీళ్లు మాత్రం లేవు. కాగితాల మీద అంతా సరిగ్గానే ఉంది. చివరికి మా పాత టర్న్‌కాక్‌ను, అంటే వాల్వులు తిప్పే పనివాణ్ని, వెంటబెట్టుకుని పైపు వెంట నడిచాం. ఆయన వాల్వు దగ్గరికి రాగానే దాన్ని తిప్పే పొడవాటి ఇనుప తాళం కొన దానికి ఆనించి, రెండో కొనకు చెవి పెట్టి వినేవాడు. నీళ్లు ధారాళంగా పోతుంటే గుమ్మని ఒకే శబ్దం. సందులోంచి దూరుతుంటే బుస. మూడు వాల్వుల దగ్గర గుమ్మంది. నాలుగోది కనబడలేదు. దాని మీద తారు రోడ్డు వేసేశారు. ఆయన ఎదురుగా ఉన్న మంగలి షాపు అరుగును, కరెంటు స్తంభాన్ని చూసుకుని, అడుగులు వేసి, ‘ఇక్కడ తవ్వండమ్మా’ అన్నాడు. తవ్వితే మూత దొరికింది. ఛాంబరు నిండా మట్టి. తాళం పెట్టి తిప్పితే మూడు నాలుగు చుట్లకే బిగుసుకుపోయింది. ఆ సైజు వాల్వుకు ఇరవై చుట్ల దాకా తిరగాలి. ఎప్పుడో లీకేజీ పని కోసం ముప్పాతిక భాగం మూసి, తెరవడం మరిచారు, పైన రోడ్డు పడిపోయింది. వాల్వు మార్చిన మర్నాడే చివరి వీధికి నీళ్లెక్కాయి.

ఆ టర్న్‌కాక్ రిటైరయ్యాడు. ఆయన బుర్రలో ఉన్న పటం ఏ ఆఫీసులోనూ లేదు. అందుకే మీరు అడగాల్సింది ఇది: మీ ట్యాంకు కింద ఏ ఏ వాల్వులు ఎక్కడున్నాయో పటం గీయించి, ప్రతి వాల్వూ పూర్తిగా తిరుగుతోందో లేదో పరీక్ష చేయించమనండి. పాత పనివాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్లను వెంట తీసుకెళ్లమనండి. దీనికి కోట్లు అక్కర్లేదు. దాని తర్వాత పీడనం కొలవండి. ప్రెషర్ గేజ్ హార్డ్‌వేరు షాపుల్లో దొరుకుతుంది. వీధిలో మొదటి ఇంట్లో, చివరి ఇంట్లో, నీళ్లొచ్చే టైములో, మోటార్లన్నీ ఆపి చూడండి. పది మీటర్ల నీటి ఎత్తుకు గేజ్ మీద చదరపు సెంటీమీటరుకు ఒక కిలో లెక్క. ఒక అంతస్తు ఇంటి దగ్గర కనీసం ఏడు మీటర్లు, అంటే 0.7 అయినా ఉండాలి. మొదటి ఇంట్లో 0.8 ఉండి చివర్లో 0.1 ఉంటే ఆ రెంటి మధ్యే దొంగ ఉన్నాడు.

ప్రశ్న: ఒంగోలు చుట్టుపక్కల మా ఊళ్లన్నిటికీ సాగర్ కాలువ నీళ్లే ఆధారం. కాలువ నిండుగా పారేటప్పుడు నింపుకున్న సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులు, అంటే చెరువుల్లాంటివి, మే నెలకే అడుగంటుతాయి. పూడిక తీయకపోవడమే కారణమా? గుండ్లకమ్మ ఉండగా ఈ ఇబ్బంది ఏమిటి?
— రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: పూడిక ఒక కారణమే, అదొక్కటే కాదు. మనం నాగార్జునసాగర్ కుడి కాలువకు, అంటే జవహర్ కాలువకు, చివరి భూముల వాళ్లం. కాలువ పొడవు 200 కిలోమీటర్లకు పైమాటే. పైన గుంటూరు వైపు అందరూ తీసుకున్నాక మిగిలింది మనకు. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, 510 దగ్గరికి పడిపోతే కుడి కాలువకు తాగునీళ్లు ఇవ్వడమే కష్టం. అందుకే వానలు సరిగ్గా లేని ఏడు, తాగునీళ్ల కోసం వదిలే కొద్దిపాటి తడులతోనే చెరువులు, ట్యాంకులు, రామతీర్థం రిజర్వాయరు నింపుకోవాలి.

నింపుకున్నదాన్ని ఎండ తాగేస్తుంది. మే నెల ఎండలో, వడగాలిలో విశాలమైన ట్యాంకులో రోజుకు ఒక సెంటీమీటరు దాకా ఆవిరైపోవచ్చు. వంద ఎకరాల ట్యాంకులో ఒక్క సెంటీమీటరంటే నలభై లక్షల లీటర్లు. మనిషికి 135 లీటర్ల లెక్కన ముప్పై వేల మందికి ఒక రోజు నీళ్లు, ఎవరూ వాడకుండానే గాలిలో కలిశాయి. లోతు తక్కువై వైశాల్యం ఎక్కువైన ట్యాంకుకు ఈ నష్టం మరీ ఎక్కువ. పూడిక చేసే అసలు చెరుపు ఇదే. అది లోతును తినేసి, నీళ్లను పలచగా పరుస్తుంది. అడుగున ఇంకిపోయేది మరికొంత. కాబట్టి పూడిక తీసినప్పుడే కట్టలు గట్టిచేసి, అవసరమైన చోట లైనింగ్ వేయాలి. వేసవిలో నీళ్లు తగ్గి పచ్చటి పాచి పట్టినప్పుడు వాసనకు, రుచికి వచ్చే తేడా కూడా లోతు లేకపోవడం వల్లే. ఫిల్టర్ బెడ్ల దగ్గర ఇసుక ఆ పాచితో మూసుకుపోయి పని మందగిస్తుంది.

గుండ్లకమ్మ గురించి మీ బాధ నాకు తెలుసు. మల్లవరం దగ్గర కందుల ఓబులరెడ్డి పేరుతో ఉన్న ఆ జలాశయం సామర్థ్యం దాదాపు 3.86 టీఎంసీలు. 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో తుపాను వరదకు ఇంకో గేటు కొట్టుకుపోయాయి. నిల్వ చేసిన నీళ్లు చాలావరకు సముద్రం పాలయ్యాయి. గేట్లకు రంగు, గ్రీజు, రబ్బరు సీళ్లు, ఇనుప తాళ్ల తనిఖీ అనే చిన్న పనులు ఏటా ఎందుకు చేయాలో ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. నెల్లూరు వాళ్లకు ఈ విషయంలో కొంత నయం. పైన సోమశిల 78 టీఎంసీల జలాశయం, దాని కింద పెన్నా మీద సంగం, నెల్లూరు బ్యారేజీలు 2022 సెప్టెంబరులో అందుబాటులోకి వచ్చాయి. పాత ఆనకట్టల కన్నా మట్టం నిలకడగా ఉంటుంది కాబట్టి నీళ్లు తోడుకోవడం సులువు. తోడిన నీళ్లు ఇంటిదాకా రావాలంటే మళ్లీ అవే పైపులు, అవే వాల్వులు.

ప్రశ్న: కనిగిరి వైపు మా ఊళ్లో ఫ్లోరైడ్. కాచి తాగితే పోతుందా? టీడీఎస్ మీటరులో 300 చూపిస్తోంది, అంటే మంచివేనా?

జవాబు: కాస్తే పోదు. నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్నే చెబుతుంది, ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు, 300 ఉన్నా ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, 1.5 దాటితే తాగకూడదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి. ఆర్వో తీసేస్తుంది గానీ, నీళ్లు వడకట్టే పొర (మెంబ్రేన్) మార్చని ప్లాంటు నీళ్లు కొనుక్కుని నిశ్చింతగా ఉండకండి. ఆ ప్లాంటు నీళ్లను కూడా ఏడాదికోసారి పరీక్షకు పంపండి. పశ్చిమ ప్రకాశానికి శాశ్వత మార్గం బోర్లు కావు, నది నీళ్లు పైపుల్లో రావడమే.

ప్రశ్న: ఇరవై నాలుగు గంటలూ నీళ్లు మన ఊళ్లలో సాధ్యమేనా? నీళ్లు చాలవు కదా!
— ఇంజినీరింగ్ విద్యార్థిని, నెల్లూరు

జవాబు: సాధ్యమేనమ్మా. ఒడిశాలోని పూరీ పట్టణం 2021 జులైలో ఊరంతటికీ 24 గంటలూ, కుళాయి నుంచి నేరుగా తాగగలిగే నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. వచ్చే నీళ్లు గంటకు కుదించినా, రోజంతా ఇచ్చినా జనం వాడేది పెద్దగా మారదు. పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటే మురుగు లోపలికి రాదు, బిందెలు నింపి మర్నాడు పారబోయడం ఉండదు. అయితే పాత చిల్లుల పైపులతో 24 గంటలు ఇస్తే ఊటలు 24 గంటలూ పారతాయి. అందుకని ఊరిని చిన్న చిన్న జోన్లుగా విడగొట్టి, ఒక్కో జోన్‌కు లోపలికి పోయే నీళ్లు మీటరుతో కొలిచి, ఇళ్లకు చేరినదాంతో పోల్చి, తేడా ఎక్కువున్న జోన్‌లో పైపులు ముందు మార్చాలి. లెక్కకు దొరకని నీళ్లు 20 శాతం మించకూడదని కేంద్రం పెట్టుకున్న ప్రమాణం. 2021 అక్టోబరులో మొదలైన కేంద్ర పథకం అమృత్ 2.0లో ఇలాంటి పనులకు డబ్బు పెట్టారు. నువ్వు సివిల్ అయితే ఫైనలియర్ ప్రాజెక్టుగా మీ వార్డు పైపుల పటం గీయి. నాకు పంపు, దిద్దిపెడతాను.

ప్రశ్న: సంపులో బ్లీచింగ్ ఎంత కలపాలి? పక్కింటాయన దోసెడు పోస్తాడు.

జవాబు: దోసెడు పోస్తే నోరు, గొంతు మండుతాయి. ముందు సంపు ఖాళీ చేసి, గోడలు, అడుగు బ్రష్‌తో రుద్ది కడగండి. లోతు సంపులోకి ఒంటరిగా దిగొద్దు, మూత తీసి గాలి బాగా ఆడనిచ్చి, పైన ఒక మనిషిని ఉంచుకునే దిగండి. నింపాక వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి చాలు. బకెట్ నీళ్లలో కలిపి, మడ్డి పేరుకోనిచ్చి, పై తేట మాత్రమే సంపులో పోయండి. గంట ఆగి వాడుకోండి. పొడి తాజాగా, ఘాటుగా వాసన రావాలి. మూత తీసి నెలల తరబడి ఉంచిన డబ్బాలో క్లోరిన్ మిగలదు, కొత్తది తెచ్చుకోండి.